రాజీకి తీసిన కారు

మొన్న తాడిపత్రిలో స్కూటీకి పంచరు వేయించుకుంటుంటే, పక్క షెడ్డులో ఎవరో లారీ బ్రేకు డ్రమ్మును సుత్తితో బాదడం మొదలుపెట్టాడు. ఆ మోత నాకు గిట్టదు. లేచి ఎండలోకి పోయి నిలబడ్డాను. నా కాపురం మొదలైందే ఆ మోతతో.

తొంభైల చివర, పెళ్ళయి పామిడి దగ్గర అత్తగారింటికి వచ్చిన తొలి ఎండాకాలం. వానల్లేవు, సేద్యం లేదు. పనిలేని మగవాళ్ళు ఇంటిపట్టున ఉంటే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. కొట్టంలో మూలపడ్డ పాతకాలపు నల్లకారును బయటికి తీయాలని మా మామ పట్టుబట్టారు. అది ఆయన అన్నగారి కారు. కంబదూరు వైపు ఒక ఊరివాళ్ళు తగాదాల్లో ఆ అన్నను చంపేశారు. శవం లేచిన రోజు మామ కారు హ్యాండుబ్రేకు లాగి, పగ తీరేదాకా ఇది కదలదని నలుగురిలో ఒట్టు పెట్టారు. ఆ మాట అవతలి ఊరికీ చేరింది.

ఇప్పుడు ఆయనకు పగ వద్దు. మా ఆయన పొలానికి పోవాలంటే వెనక ఇద్దరు మనుషులు కాపలా పోవాలి. కొడుకు ఒంటరిగా, నిబ్బరంగా తిరిగితే చాలనుకున్నారు మామ. అవతలివాళ్ళు కూడా రాజీకి రమ్మని కబురు పంపారు.

"బస్సుకు పోతే రాజీ కాదా? ఆ కారే పోనంటాంది, ఆడ్నే ఉండనీ," అంది అత్త.

"కదలదని అన్నింది నేనే గదా. నేనే కదిలిస్తే పగ ఇడిసినానని వాళ్ళకు తెల్దా?" అన్నారు మామ.

ఏళ్ళ తరబడి బ్రేకు లాగి ఉండడంతో వెనక చక్రాలు రెండూ తుప్పుతో కరుచుకుపోయాయి. తోస్తే తిరగకుండా నేల గీసుకుంటూ వచ్చాయి. మామా, మా ఆయనా చక్రాలు విప్పి, బ్రేకు వదులుచేసి, డ్రమ్ముల అంచుల్లో కిరసనాయిలు పోసి నానబెట్టి, చుట్టూతా సుత్తితో కొట్టారు. పొద్దున కొట్టేవారు, అన్నం తిని మళ్ళీ కొట్టేవారు. మెకానిక్కును పిలుద్దామంటే మామకు పౌరుషం. దెబ్బ దెబ్బకూ అత్త దేవుడి గూటి వైపు చూసేది. డ్రమ్ములు ఊడి రాకూడదని మొక్కుతోందని నాకు తెలుసు, నేనూ అదే మొక్కాను. ఇద్దరి మొక్కులూ ఏ దేవుడికీ పట్టలేదు. ఒక మధ్యాహ్నం మొదటి డ్రమ్ము ఊడి, ఎర్రటి తుప్పు మామ ఒళ్ళంతా పడింది. ఆయన పకపకా నవ్వారు.

రెండోదీ ఊడింది. కొత్త లైనింగులు వేశారు. మా ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, టెంకాయలూ ఆకువక్కలూ పెట్టుకుని మామ బయలుదేరారు. ఆ ఊరి మలుపులో నల్లకారు కనబడగానే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి ఈడ్చుకున్నారట. వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయట. తాంబూలం పళ్ళెం పట్టుకుని మామ నడివీధిలో నిలబడితే, ఒక కిటికీలోంచి ముసలమ్మ గొంతు వినబడిందట.

"మొగోళ్ళు ఎవురూ లేరప్పా. ఈ పొద్దు ఎవుర్ని సంపను వచ్చినావు?"

ఆయన ఎంత చెప్పినా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మళ్ళీ రాజీ మాట ఎవరూ ఎత్తలేదు. మామ పోయారు. మా ఆయనకు తల నెరిసింది, ఈనాటికీ పొలానికి ఒంటరిగా పోరు. ఏళ్ళు గడిస్తే పగలు వాటంతటవే చల్లారతాయంటారు గానీ, మా ఇంట్లో కాలం మనుషుల్ని ముసలివాళ్ళను చేయడం తప్ప ఇంకే పనీ చేయలేదు.