రెండు వందల పన్నెండో పాట

నేను చెప్పే ప్రతి మాటనీ మా ఆవిడ పద్మ నాలుగుతో భాగించి వింటుంది. నలభై మంది వస్తున్నారంటే పదిమందికి వండుతుంది. పెరట్లో పాము కనిపించిందంటే వానపాము కోసం వెతుకుతుంది. తప్పు ఆవిడది కాదు. నా నోటికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు.

కానీ ఇప్పుడు చెప్పబోయేది మాత్రం భాగించకండి. మా అమ్మాయి కీర్తి నెత్తిన చెయ్యి పెట్టమంటే పెట్టి చెబుతాను. ఒక్క అంగుళం కూడా సాగదీయలేదు.

మాది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్. ఊరి నిండా కిటికీల్లేని తెల్లటి డేటా సెంటర్లు. ప్రపంచంలో ఎవరు ఏ పాట నొక్కినా అది మా పెరటి గోడవతలి నుంచే బయల్దేరుతుందని మా కాలనీ వాళ్ల గర్వం. అలాంటి ఊళ్లో, బేస్‌మెంట్‌లో, ఇటుకంత హార్డ్ డ్రైవ్‌లో సొంతంగా పాటలు దాచుకుని వినే ఆదిమానవుణ్ణి నేనొక్కణ్ణే. నలభై వేల పాటలు. (సరే, ఈ అంకెని భాగించుకోండి.)

“నాన్నా, దిస్ ఈజ్ సో సాడ్. ఫోన్‌లో ఎవ్రీ సాంగ్ ఉంది కదా? ఈ బాక్స్ ఎందుకు నీకు?” అంటుంది కీర్తి. తొమ్మిదేళ్లు దానికి.

“ఫోన్లో పాటకి కుక్కర్ విజిల్ వస్తుందా అమ్మా?”

“వాట్?”

దానికి చెప్పినా అర్థం కాదు. మీకు చెబుతాను.

2002 చలికాలం. ఒహాయోలో ఒక చిన్న యూనివర్సిటీ ఊరు. నేనూ, వరంగల్ నుంచి వచ్చిన మురళీ ఒకే అపార్ట్‌మెంట్. మురళి సూట్‌కేసు తెరిస్తే బట్టలు అడుగున, ఆవకాయ మధ్యన, పైనంతా క్యాసెట్లు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని వాడి పట్టుదల. టేప్ రికార్డర్‌ని కంప్యూటర్‌కి కలిపే వైరు మా దగ్గర లేదు. అందుకని టేప్ రికార్డర్ ఎదురుగా ఒక మైకు నిలబెట్టాం. పాట మోగుతుంటే మైకు వింటుంది. మైకు ఏది వింటే అది రికార్డవుతుంది.

అంటే గదిలో ప్రతి చప్పుడూ పాటలోకి ఎక్కేస్తుందన్నమాట. నలభై ఏడో పాట పల్లవిలో కుక్కర్ మూడు విజిల్స్. తొంభయ్యో పాటలో హీరో ఏడుస్తుంటే నా తుమ్ము. నూట ముప్ఫై మూడులో పైఅంతస్తు అమెరికన్ నేలమీద దబదబా కొట్టడం. అందుకే మురళి ఒక రూలు పెట్టాడు.

“శివగా, రికార్డింగ్ షురూ అయినంక ఏం జరిగినా లేవొద్దు. ఇల్లు కాల్తున్నా పాట అయినంకనే లేవాలె. మల్ల మొదట్నుంచి చేసే ఓపిక లేదు నాకు.”

వాడి దగ్గరొక నోట్‌బుక్ ఉండేది. ప్రతి పాటకీ ఒక నంబరు, పక్కన ఎవరికిష్టమో వాళ్ల పేరు. రెండు వందల పన్నెండు దగ్గర ఆగిపోయింది ఆ నోట్‌బుక్.

ఎందుకంటే ఆ రాత్రే మురళి పోయాడు.

మా మిత్రులందరికీ తెలిసిన కథ ఇది. మంచు పడుతోంది. మురళి పాలు తెస్తానని వెళ్లాడు. తాళంచెవి లోపలే మర్చిపోయాడు. నేను నిద్రపోతున్నాను. తలుపు కొట్టినా వినిపించలేదు. ఇంకో స్నేహితుడి గదికి పోదామని వాడు రోడ్డు దాటుతుంటే, ఐసు మీద జారిన ఒక ట్రక్కు...

అందరూ నమ్మారు. వాడి చెల్లెలు లతా నమ్మింది. “నిద్రల ఉన్నవ్ అన్నా, నువ్వేం జేస్తవ్?” అని నన్నే ఓదార్చింది.

నేను నిద్రపోలేదు.

పాట రికార్డ్ చేస్తున్నాను. రెండు వందల పన్నెండో నంబరు. లతకిష్టమైన పాట. “మా చెల్లెకి పంపాలె, జాగ్రత్తగా చెయ్” అని క్యాసెట్ పెట్టి మరీ వెళ్లాడు వాడు. రెండో చరణం మొదలయ్యింది. తలుపు మీద చప్పుడు. టక్... టక్... టక్. “శివగా, తలుపు తియ్‌రా. తాళంచెవి లోపల్నే మర్చిపోయిన.” నేను నవ్వుకున్నాను. నీ రూలే కదరా, నిలబడు అనుకున్నాను. మళ్లీ కొట్టాడు. మళ్లీ... ఆ తర్వాత కొట్టలేదు.

పాట అయిపోయింది. స్టాప్ నొక్కాను. అప్పుడు లేచాను. అప్పుడు తలుపు తీశాను. మెట్ల మీద ఎవరూ లేరు. మంచులో అడుగులు మాత్రం రోడ్డువైపు.

ఇది గుర్తుపెట్టుకోండి. స్టాప్ నొక్కాకే లేచాను. తలుపు తీసిన చప్పుడు ఆ ఫైల్లో ఉండటానికి వీల్లేదు.

పన్నెండేళ్లు ఆ ఫైల్‌ని వినలేదు. చెరపనూ లేదు. కంప్యూటర్లు మారాయి, ఊళ్లు మారాయి, వీసా మారింది, నా నడుము కొలత మారింది. ప్రతి కొత్త డ్రైవ్‌లోకీ దాన్ని కాపీ చేసుకుంటూ వచ్చాను. ఎందుకని అడక్కండి.

మొన్న 2014 చలికాలంలో లత ఫోన్ చేసింది. ఇప్పుడు టెక్సస్‌లోని కాపెల్‌లో ఉంటుంది, ఐటీలోనే.

“అన్నా, ఇల్లు మారుతుంటే మురళన్న నోట్‌బుక్ దొరికింది. పాటలన్నీ నీ దగ్గర ఉన్నయ్ గదా? ఎల్లుండి ఆఫీస్ పని మీద మీ పక్కనే ఉన్న హెర్న్‌డన్‌కి వస్తున్న. ఒక డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టవా?”

“పాతవమ్మా అవి. గోల గోలగా ఉంటాయి. అవే పాటలు ఫోన్‌లో శుభ్రంగా దొరుకుతాయి కదా,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది చూడండి.

“నాకు గా గోలనే గావాలె అన్నా. ఎక్కడన్నా ఆయన దగ్గు వినబడ్తదేమో. ఆఖరిది రెండు వందల పన్నెండు, పక్కన ‘లతకు’ అని రాసిండు. ముందు గదే వింట.”

సరేనన్నాను. 

ఆ పాట తీసేస్తే నంబరు ఖాళీ అని తెలిసిపోతుంది. ఉంచితే... వాళ్లన్న తలుపు కొట్టడం, బతిమాలడం, నేను లేవకపోవడం అన్నీ వింటుంది. నిద్రపోతున్నవాడు పాటెలా రికార్డ్ చేస్తాడని ఐటీ వాళ్లకి వేరే చెప్పాలా?

లత రావడానికి ముందు రాత్రి. బయట మంచు. పద్మ, కీర్తి పైన పడుకున్నారు. నేను బేస్‌మెంట్‌లో. చేసిన పని సిగ్గు విడిచి చెబుతున్నాను. జన్మలో మొదటిసారి ఒక పాటని ఇంటర్నెట్‌లో కొన్నాను. అదే పాట. స్టూడియోలోంచి నేరుగా వచ్చినది, అద్దంలా ఉంది. నిడివి నాలుగు నిమిషాల యాభై ఒక్క సెకన్లు. దానికి 212 అని పేరు పెట్టి, లత డ్రైవ్‌లో వేశాను. మురళి రికార్డింగ్ నా దగ్గరే ఉండిపోయింది.

ఒకసారి సరిచూద్దామని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నొక్కాను.

శుభ్రంగా ఉంది. టేపు గరగర లేదు. తబలా మీద వేళ్లు కదలడం కూడా వినిపిస్తోంది. హమ్మయ్య అనుకున్నాను. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. రెండో చరణం మొదటి లైను...

టక్... టక్... టక్.

పాత ఫైల్ వేశానేమో అనుకున్నాను. స్క్రీన్ చూశాను. నాలుగు యాభై ఒకటి. కొన్న పాటే. వీణ స్పష్టంగా మోగుతోంది. దాని వెనకాల, ఎక్కడో దూరంగా, చెక్క తలుపు మీద వేలి కణుపులు.

హెడ్‌ఫోన్స్ తీశాను. నిశ్శబ్దం. హీటర్ గుయ్యిమంటోంది అంతే. మళ్లీ పెట్టుకున్నాను.

“శివగా... తలుపు తియ్‌రా.”

నవ్విస్తూ చెప్పడం నా అలవాటు. ఇక్కడ నాకు చేతకావడం లేదు. నా కాళ్లు లేవలేదు. స్టాప్ నొక్కడానికి చెయ్యి లేవలేదు. పన్నెండేళ్ల క్రితం కూర్చున్నట్టే, పాట అయ్యేదాకా... కదలకుండా కూర్చున్నాను. మళ్లీ.

పాట అయిపోయింది. అంకెలు నాలుగు యాభై ఒకటి దగ్గర ఆగిపోయాయి.

చప్పుడు ఆగలేదు.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. మా ఒహాయో గదిలోని కుర్చీ... దానికొక కాలు పొట్టి, లేస్తే రెండుసార్లు కొట్టుకుంటుంది. టకటక. కొట్టుకుంది. చెప్పుల్లేని పాదాలు నడిచాయి. గొలుసు జారింది. గడియ తిరిగింది. తలుపు... మెల్లగా... తెరుచుకుంది.

“ఎంతసేపురా?” మురళి.

“పాట చెడిపోతుందని నువ్వే కదా లేవొద్దన్నావు?” ఇంకో గొంతు.

“మరి ఎందుకు లేచినవ్?”

“చెడిపోతే పోయింది. రా లోపలికి, చచ్చిపోతావ్ చలికి.”

ఇద్దరూ నవ్వారు. ఆ రెండో గొంతు నాది. ఆ మాట నేను జన్మలో అనలేదు.

హెడ్‌ఫోన్స్ లాగి పారేశాను. నేలమీద పడ్డాయి.

నవ్వు ఆగలేదు. పై నుంచి వస్తోంది... మా హాల్లోంచి.

ఆ తర్వాత మెట్ల మీదుగా చల్లగాలి దిగింది. నా పాదాలకి తగిలింది. మా బేస్‌మెంట్‌కి పదమూడు మెట్లు. ఎంతసేపటికి ఎక్కానో తెలియదు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. నేనే గడియ వేశాను రాత్రి, రెండుసార్లు తిప్పి. తలుపు దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా తడిగా ఉంది. బయట మంచు మీద అడుగులు లేవు. లోపలికీ లేవు, బయటికీ లేవు.

మెట్ల పైన పద్మ నిలబడి ఉంది, శాలువా కప్పుకుని.

“ఎవరొచ్చారండీ ఈ వేళప్పుడు?”

“ఎవరూ లేరు.”

“ఇద్దరు నవ్వుతుంటే విన్నాను. ఒకటి మీ గొంతే. కానీ...” ఆగింది. “మన పెళ్లికి ముందు ఫోన్లో మాట్లాడేవారే, అప్పటి గొంతులా ఉంది.”

తెల్లారేదాకా ఇద్దరం సోఫాలో కూర్చున్నాం. తలుపు పద్మే వేసింది. నేను ముట్టుకోలేదు.

మర్నాడు లత వచ్చింది. ఆ డ్రైవ్‌ని మళ్లీ తెరిచే ధైర్యం నాకు లేదు. అలాగే ఇచ్చేశాను. కాఫీ తాగి, కీర్తికి జడ వేసి, వెళ్లిపోయింది.

నాలుగో రోజు కాపెల్ నుంచి ఫోన్. ఏడుస్తోంది. అయిపోయింది అనుకున్నాను.

“అన్నా... రెండు వందల పన్నెండు విన్న.”

“అమ్మా, లతా, నేను...”

“పాట అయినంక మీరిద్దరు మాట్లాడుకునుడు ఉంది గదా. ‘రా లోపలికి, చచ్చిపోతావ్ చలికి’ అన్నవ్ చూడు, అక్కడ ఏడ్చిన. ఎంత మంచిగ చూసుకున్నవ్ అన్నా మా అన్నని. గిది ఏ రోజుదో గానీ, ఆయన నవ్వు పన్నెండేండ్లకు విన్న.”

అప్పుడు చెప్పేశాను. పన్నెండేళ్లు దాచింది మొత్తం. నిద్రపోలేదమ్మా. మేలుకునే ఉన్నాను. కొట్టడం విన్నాను. బతిమాలడం విన్నాను. పాట కోసం లేవలేదు. ఆ తలుపు నేను తీయలేదు.

 అటువైపు లత ముక్కు చీదుకుంటూ... నవ్వింది.

“నువ్వు ఎప్పుడూ గింతే అన్నా. మురళన్న ఉత్తరాల్ల కూడా రాసేటోడు, శివగాడు దోమని చూపించి ఏనుగంటడని. నీ మీద నువ్వు గూడ గట్లనే పెంచి చెప్పుకుంటవా?”

“పెంచి చెప్పడం లేదమ్మా! ఒట్టు!”

“తలుపు తీసిన సప్పుడు నా చెవులతోని విన్న. గొలుసు తీసుడు గూడ విన్న. ఊరుకో ఇగ.”

ఫోన్ పెట్టేసింది.

నా దగ్గరున్న పాత రికార్డింగ్ ఆ రోజే విన్నాను. కొట్టడం ఉంది. పిలవడం ఉంది. అడుగులు వెళ్లిపోవడం ఉంది. పాట, స్టాప్, అంతే. కొన్న పాట ఇంకో కాపీ తెచ్చుకుని విన్నాను. అద్దంలా ఉంది. లత డ్రైవ్‌ని ఒకసారి వినిపించమని అడగాలి. ఇంతవరకూ అడగలేదు. అందులో ఏమీ లేకపోతే ఏం చెయ్యాలో తెలియదు. ఉంటే ఏం చెయ్యాలో అసలు తెలియదు.

మురళే వచ్చి నన్ను క్షమించాడంటాడు ఒక స్నేహితుడు. నాకలా అనిపించదు. నేను ఇంకెప్పుడు నిజం చెప్పినా ఎవరూ నమ్మకుండా చేసి పోయాడనిపిస్తుంది ఒక్కోసారి. ఆ రాత్రి మా ఇంటి తలుపు తీసిందెవరో, లోపలికి వచ్చిందెవరో... వచ్చినవాడు మళ్లీ బయటికి వెళ్లాడో లేదో... నాకు తెలియదు.

అన్నిటినీ పెంచి చెప్పేవాణ్ణి. ఆ ఒక్కదాన్నీ పన్నెండేళ్లు తగ్గించి చెప్పాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. మొదటి టక్ నుంచి నేను స్టాప్ నొక్కేదాకా, ఆ ఫైల్లో సెకన్లు లెక్కపెట్టి మరీ చెబుతున్నాను. వాణ్ణి మంచులో నిలబెట్టింది రెండు నిమిషాల పది సెకన్లు.

భాగించకండి.