పడవలో తిరిగిన కిలోమీటర్లు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి మా ఎకౌంటెంటు గారు ఆఫీసు మెట్లు దిగి, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, నా స్కూటరు ముందు గొంతుక్కూర్చుని మీటరు చదివారు. ఏలూరులో నా మొదటి ఉద్యోగం అలా మొదలైంది. ఆ రోజుల్లో మనిషి ఎంత కష్టపడ్డాడో తెలుసుకోవడానికి అతని బండి ఎంత దూరం తిరిగిందో చూస్తే చాలనుకునేవారు. (సెల్‌ఫోనుకి ఎవరైనా ఫోన్ చేసినా మనకే డబ్బులు పడుతున్నాయని భయపడి, చూసి కట్ చేసే రోజులవి.) మాది చేపల చెరువులకి మందులు అమ్మే చిన్న కంపెనీ. ఎవరి బండి మీద వాళ్ళు తిరగాలి, తిరిగిన కిలోమీటర్లకి నెలాఖరున డబ్బిస్తారు. నేను ఎమ్మెస్సీ చదివాను. తాడేపల్లిగూడెంలో మా నాన్నగారి కిరాణా కొట్టుకి సరుకులు మోసి మోసి అలసిపోయిన స్కూటరు నా వాటాకి వచ్చింది. "మీటరు పనిచేయకపోతే ఆ రోజు నువ్వెక్కడికీ వెళ్ళనట్టే లెక్కయ్యా" అని ఎకౌంటెంటు గారు మొదటిరోజే చెప్పారు. మా కంపెనీ సిద్ధాంతం అంతా ఆ ఒక్క మాటలో ఉందని నాకు తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు.

నాకు పని నేర్పమని ఒక పెద్దాయనకి అప్పగించారు. అందరూ ఆయన్ని అయ్యగారనేవారు. చర్చిలో పాస్టరుని అలా పిలుస్తారు గానీ ఈయన పాస్టరు కాదు. బండి స్టార్ట్ చేసే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు, అందుకని ఆ పేరు. (ఆ బండి పరిస్థితి చూస్తే ఏ మతం వాడైనా చేసుకుంటాడు.) వయసు యాభై దాటింది. కూతురు నర్సింగు ఆఖరు సంవత్సరంలో ఉంది. ఇంటికి ఆయన జీతం తప్ప వేరే ఆధారం లేదు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ దాచలేదు, ఎప్పుడూ ఏడవనూ లేదు.

మొదటి వారంలోనే మండవల్లి దాటి కొల్లేటి లంక ఊళ్ళకి తీసుకెళ్ళారు. గట్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్ళే దారి ఒకటుంది. రేవులో పడవెక్కితే దగ్గర. రెండు స్కూటర్లూ పడవెక్కించాం. అయ్యగారు తన బండికి స్టాండు వేసి, వెనక సీటు మీద ఒక మందు బస్తా పెట్టారు. ముందు చక్రం పైకి లేచింది. ఆ చక్రం పక్కన బాసింపట్టు వేసుకు కూర్చుని రెండు చేతులతో తిప్పడం మొదలుపెట్టారు. మీటరు తిరగడానికి కేబులు ముందు చక్రానికే ఉంటుంది. పడవలో ఖాళీ తట్టలతో తిరిగొస్తున్న చేపలమ్మే ఆడవాళ్ళు నవ్వుతున్నారు.

"ఏవండీ అయ్యగారూ, తిప్పండి తిప్పండి, మీరు తిప్పబట్టే పడవ కదులుతోందండీ" అంది ఒకావిడ.

"నువ్వు నవ్వితే ఆగిపోద్దమ్మా, కాసేపు ఊరుకో" అన్నారాయన తల ఎత్తకుండా.

నాకు సిగ్గేసింది. ఏంటండీ ఇది అని గొణిగాను. "పడవవాడు రసీదు ఇవ్వడు. రసీదు లేకపోతే ఆఫీసు పడవ డబ్బులివ్వదు. నీళ్ళ మీద వెళ్ళినా దూరం దూరమే కదయ్యా. ఎంత దూరమో అంతే తిప్పుతాను. ఒక్క చుట్టు ఎక్కువ తిప్పను" అన్నారు. నిజంగానే అవతలి రేవుకి కొంచెం ముందుగా, నీళ్ళలో పాతిన వెదురు గెడ దగ్గరికి రాగానే చెయ్యి తీసేశారు. లెక్క సరిపోయిందట. నేను రెండు వారాలు బిగదీసుకుని నిలబడ్డాను. మూడో వారం నుంచి నా ఎమ్మెస్సీ కూడా ఇంకో చక్రం పక్కన బాసింపట్టు వేసింది. "కుర్రాయనకి పని వచ్చేసిందండోయ్" అని పడవంతా సంబరపడింది.

వానలు మొదలయ్యే ముందు హెడ్డాఫీసు నుంచి ఒకాయన వస్తున్నాడని తెలిసింది. కిలోమీటర్ల లెక్క తేడా వచ్చినవాళ్ళని తీసేస్తారనీ, పెద్ద వయసువాళ్ళని ముందు చూస్తారనీ ఎకౌంటెంటు గారే అయ్యగారిని పక్కకి పిలిచి చెప్పారు. వచ్చినాయన ఆ ఉక్కలో టై కట్టుకుని దిగాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు, అంతే. సరాసరి అయ్యగారి బండి వెనకాల ఎక్కి, మీరు రోజూ వెళ్ళే దారినే తీసుకెళ్ళండి అన్నాడు. నేను నా బండి మీద వెనకే వెళ్ళాను.

రేవులో హెడ్డాఫీసాయన కొబ్బరినీళ్ళు తాగుతుండగా నేను అయ్యగారిని బతిమాలాను. "ఈ ఒక్కరోజూ తిప్పకండండీ. అమ్మాయి చదువు అయ్యేదాకానైనా ఉద్యోగం ఉండాలి కదండీ."

"అదే నా భయం కూడానయ్యా" అన్నారు. "కానీ ఎవరూ చూడకపోతే తిప్పి, చూస్తుంటే మానేశాననుకో, అప్పుడది దొంగతనం అయిపోద్ది. ఇన్నాళ్ళూ తిప్పిందంతా దొంగతనమే అయిపోద్ది" అన్నారు.

పడవ కదిలింది. అయ్యగారు చక్రం పక్కన కూర్చుని తిప్పడం మొదలుపెట్టారు. టై కట్టుకున్నాయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "ఏం చేస్తున్నారండీ మీరు?" అన్నాడు. అయ్యగారు నాకు చెప్పినట్టే చెప్పారు, రసీదు సంగతి, దూరం సంగతి. తట్టలావిడ ఊరుకోలేదు. "చూస్తూ నించుంటారేంటండీ, పెద్దాయన చేతులు పడిపోతన్నాయి, మీరూ ఓ చెయ్యి వెయ్యండి" అంది. ఆయన టై తీసి జేబులో పెట్టుకున్నాడు. అయ్యగారిని పక్కకి జరగమని, కూర్చుని తిప్పడం మొదలుపెట్టాడు. వెదురు గెడ దాటాక కూడా తిప్పబోతుంటే అయ్యగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. "చాలండి. ఇక్కడికే."

అయ్యగారి ఉద్యోగం పోలేదు. పైగా టై కట్టుకున్నాయన చెప్పి రాయించిన ఉత్తరం హెడ్డాఫీసు నుంచి వచ్చింది: పెద్దవాళ్ళు పడవల్లో అవస్థపడనక్కర్లేదు, ఇకమీదట గట్టు దారినే వెళ్ళాలి, చుట్టు ఎంతైనా పూర్తి కిలోమీటర్లకి డబ్బిస్తారు. ఆఫీసులో మిఠాయిలు పంచాం. కూతురి ఆఖరి ఫీజుకి ఇబ్బంది లేదని అయ్యగారు చాలా సంతోషించారు. ఒక మంచి మనిషి మనసు పెట్టి చేసిన పని అది. ఈ రోజుకీ నేను దాన్ని తప్పనలేను.

చేపల చెరువు గట్టు నల్లమట్టిది. వాన పడితే నడిచేవాళ్ళే కాలు ఊనలేరు. వానాకాలం మధ్యలో, ఒక సాయంత్రం ఆ గట్టు దారినే వస్తూ అయ్యగారు బండితోసహా జారి చెరువులో పడ్డారు. మేత వేసే మనుషులు చూసి పైకి తీసేసరికి ప్రాణం లేదు.

మర్నాడు నేనూ ఎకౌంటెంటు గారూ వెళ్ళాం. స్కూటరు గట్టు మీద పడుకోబెట్టి ఉంది. ఎకౌంటెంటు గారు గొంతుక్కూర్చుని, జేబురుమాలుతో మీటరు అద్దం మీద బురద తుడిచి, అంకెలు కాగితం మీద రాసుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఇప్పుడు కూడానా అని అడగబోయాను. ఆయన తల వంచుకునే, "ఇక్కణ్ణించి వాళ్ళింటికి ఎంత దూరం ఉంటుందయ్యా?" అని అడిగారు. చెప్పాను. అది కూడా కలిపి రాశారు. అయ్యగారుంటే ఒప్పుకునేవారు కాదు. ఆ మాట ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

అమ్మాయి నర్సయింది. టై కట్టుకున్నాయన ఆ ఏడాదే ఉద్యోగం మానేశాడని విన్నాను. నేను మాత్రం అక్కడే ఉండి, తల నెరిసి, ఆ ఆఫీసుకే మేనేజరునయ్యాను. పడవలో నలుగురూ చూస్తున్నారని ముఖం పక్కకి తిప్పుకున్న ఎమ్మెస్సీ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఎక్కువసేపు నిలవదు. మేనేజరుగా నేను పట్టుబట్టి సాధించింది ఒక్కటే. ఊళ్ళ మీదికి వెళ్ళేవాళ్ళకి కంపెనీయే జీపూ డ్రైవరునీ ఇస్తుంది. పని మీద సొంత బండి ఎవరూ తీయడం లేదు.