గంజాయి సంగతి డాక్టరుకు చెప్పలేదు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా అన్న కోయిలకుంట్ల దగ్గరి ఒక పల్లెలో, నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. ఆ ఊళ్లోనే మిషను బడిలో నేను టీచరుని, అన్నా వదినలతోనే ఉండేదాన్ని. అమ్మానాన్నలు లేని నన్ను హాస్టల్లో ఉంచి చదివించింది, ట్రైనింగుకు పంపింది అన్నే. తనకు మాత్రం సంతకం వరకే వచ్చు.

నలభై రాకముందే అతని నడుం వంగిపోయింది. బండను పెళ్లగించి నలుగురు కలిసి గట్టు మీదికి మోసేవారు. ఒకడు తడబడితే బరువంతా మిగతా ముగ్గురి మీద పడేది. ఆ నొప్పులకు గనిలో వాళ్లు మధ్యాహ్నం సంగటి తిన్నాక గంజాయి చిలుం తాగేవారు. అన్న కూడా తాగుతున్నాడని తెలిసిన రోజు అడిగేశాను.

"తాగితే నొప్పి యాడికో పోతాది పాపా. లేకుంటే పొద్దుగూకే దాకా నిలబడలేను," అన్నాడు.

మానమని నేను అడగలేదు. మా ఇంటి మనిషి గంజాయి తాగుతాడని చర్చిలో తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందా అన్నదే నా భయం.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం, ప్రార్థన నుంచి వస్తూ అన్న దారిలోనే కూలబడ్డాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. చెయ్యి పట్టుకుంటే నాడి లెక్కకు అందనంత వేగంగా కొట్టుకుంటోంది.

"పొద్దున చిలుం తాగినాలే. తాగినాక ఇట్లే అయితాది. ఈసారి ఎడమ చెయ్యి గూడా గుంజుతాండాది," అన్నాడు.

మర్నాడు బస్సులో కోయిలకుంట్లకు, డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పెద్దాయన. అన్న ఎద మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"బీడీ తాగుతావా అప్పా?"

"తాగుతా సార్. దినానికొక కట్ట."

"ఇంకేమన్నా అలవాట్లుండాయా?"

అన్న నా వైపు చూశాడు. చెప్పమంటావా అని అడిగే చూపు అది. గుమ్మం దగ్గర మా చర్చి సంఘపెద్ద భార్య తన వంతు కోసం నిలబడి ఉంది.

"ఇంకేం లేవు సార్," అన్నాను నేను.

డాక్టరు మందు రాసిచ్చి, బీడీ మానమన్నాడు, బరువులు మోయొద్దన్నాడు. నాలుగు రోజులు ఇంట్లో ఉండి అన్న మళ్లీ గనికి పోయాడు. బీడీ మాత్రం ఆ రోజు నుంచి ముట్టలేదు. చిలుం ఎవరూ మానమనలేదు గనక మానలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పిల్లలకు పాఠం చెబుతుండగా గనిలో పనిచేసే ఒకాయన బడి గుమ్మంలోకి వచ్చాడు.

"టీచరమ్మా, మీ యన్న పడిపోయినాడు. బిరీన రా."

చిలుం తాగి లేచి, పలుగు అందుకోబోతూ ఎద పట్టుకున్నాడట. నేను పోయేసరికి బండల నీడన పడుకోబెట్టి ఉన్నారు. ముఖం మీద చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. ప్రాణం లేదు.

సాయంత్రం సమాధి చేసేముందు పాస్టరుగారు మా వదినను ఏం జబ్బని అడిగారు. గుండె జబ్బని నేనే జవాబు చెప్పాను. వదిన తలెత్తింది.

"గంజాయి తాగుతాండె అయ్యగారూ. ఒళ్లు నొప్పులకు తాగుతాండె. ఇంగ దాపెట్టి ఏం చేయాల?"

పాస్టరుగారు బైబిలు తెరిచి ప్రార్థన మొదలుపెట్టారు. సమాధి చేయొద్దని ఎవరూ అనలేదు. నా ఉద్యోగం మాట ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎవరూ ఎత్తలేదు.

పది రోజులకు ఒక్కదాన్నే డాక్టరు దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"గంజాయికి గుండె పరుగెత్తుతాదమ్మా. బలం లేని గుండె ఆ పరుగుకు తట్టుకోకపోవచ్చు. దాంతోనే పోయినాడని మాత్రం చెప్పలేను. బీడీ ఉండె, బరువులు, ఎండలు, అన్నీ ఉండె."

"ముందే తెలిసుంటే?"

"మానమని చెప్పేవాణ్ని. మానునో, లేదో."

ఇంటికి వచ్చి ఆ మాట వదినకు చెప్పాను. ఆమె జొన్నలు చెరుగుతోంది. చేట ఆపకుండానే అంది: "బీడీ మానమంటే మానె గదా మే."

అందులో కోపం లేదు. కొంచెంసేపటికి లేచి నాకు అన్నం పెట్టింది. తినలేకపోయాను.

ఆ వారమే గనికి పోయి, డాక్టరు చెప్పిందంతా అక్కడివాళ్లకు చెప్పాను. తలలు వంచుకుని విన్నారు. వస్తుంటే ఒకాయన వెనకాలే వచ్చి, తనకూ అట్లే దడ వస్తుందన్నాడు. మర్నాడు అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అడగకముందే గంజాయి సంగతి చెప్పాను. అతను మానేశాడు, చాలా ఏళ్లు బతికాడు. మానినందుకే బతికాడా అన్నది నాకు తెలియదు. అతను ఎదురుపడ్డప్పుడల్లా రెండు మాటలు మాట్లాడి, తొందరగా వచ్చేసేదాన్ని.