పారేసే ముందు తిప్పి చూసిన డాక్టరమ్మ

డాక్టర్ నస్రీన్ కాలం చేసిందన్న వార్త మొన్న పక్కింటి లక్ష్మి ఫోన్‌లో చూసి చెప్పింది. గుండె ఆగిందట. "మంచిగ చదువు, ఇంకెవలో అయ్యుంటరు" అని గద్దించాను. ఫొటో చూపించింది. నా చేతిలోని బీడీ ఆకు చేతిలోనే ఉండిపోయింది.

మూడో తరగతితో బడి మానినదాన్ని. ఆ పుణ్యమూర్తి గుణగణాలు వర్ణించే భాష నాకు లేదు. చూసింది రాస్తాను.

నాలుగేళ్ల కింద నా గొంతులో థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. చావుకు అంతగా భయపడలేదు. మా వాడలో ఒకామెకు ఇదే ఆపరేషన్ ఎక్కడో జరిగాక, క్యాల్షియం పడిపోయి వేళ్లు కొంకర్లు పోయాయి. బీడీలు చుట్టే నాకు వేళ్లే ఆధారం. కరీంనగర్ దవాఖానలో ఆపరేషన్ చేయబోయే ఈ డాక్టరమ్మకు అదే చెప్పాను.

"పాణం పోతె పోనీ బిడ్డా, చేతులు మాత్రం ఉండాలె."

"పాణం పోయినంక చేతులతోటి ఏం చేస్తవవ్వా?" అని నవ్వింది. "గీ గడ్డ ఎనుక బియ్యపుగింజంత గ్రంథులు నాలుగుంటయి. క్యాల్షియం కాపాడేటియి గవే. ఉత్త కంటికి కొవ్వు లెక్కనే ఉంటయి. మా కెమెరా వెలుగుల మెరుస్తయి."

"నా మెడల దీపాలున్నయా? గట్లయితే ఇంట్ల కరెంటు బుగ్గ బంద్ వెడత."

"జర ఆగు! కెమెరాకే కనవడతయి."

ఆపరేషన్ మర్నాడు నా మంచం పక్కన కూర్చుంది. ఏమీ దాచలేదు.

"నాలుగింట్ల ఒకటి గడ్డకు అతుక్కొని తెగొచ్చిందవ్వా. తప్పు నాదే."

"పారేసినవా?"

"ఎట్ల పారేస్త? తీసిన గడ్డను గూడ కెమెరా కింద తిప్పి చూసిన. ఓ మూలకు మెరిసింది. దాన్ని సన్నగ కోసి నీ మెడ కండలనే నాటిన. ఫికర్ చెయ్యకు, బతుకుతది."

ఆకు తుక్కును కూడా ఏరి చూడనిదే పారేయని నాకు, ఆ మాటతో ఆమె సొంత మనిషైపోయింది.

కొన్ని వారాలు వేళ్లు తిమ్మిరెక్కాయి. మాత్రలు మింగాను. తర్వాత తగ్గింది. చూపించుకోవడానికి పోయిన రోజు "ఏదీ, చుట్టి చూపెట్టు. ఆకొక్కటే! తంబాకు నా గదిలకు తెస్తె ఊకోను" అంది. చుట్టి ఇచ్చాను. ఆ ఉత్త ఆకు చుట్టను అటూ ఇటూ తిప్పి చూసి, తన బల్ల సొరుగులో దాచుకుంది.

ఈ అక్షరాలు రాస్తున్న వేళ్లు ఆమె నిలబెట్టినవే. తీసేసిన దాంట్లో కూడా ఉంచుకోవలసింది ఉందేమోనని వెతికిన అంతటి మనిషిని తీసుకుపోయే ముందు, ఆ దేవుడు ఒక్కసారి కూడా తిప్పి చూసుకోలేదు. డాక్టరమ్మకు ఈ రెండు చేతులా దండం పెడుతున్నాను. ఆయనకు మాత్రం ఇంకా పెట్టలేదు.