ఊబి మడిలో చెక్కబొమ్మ

గ్రంథాలయంలో రెండు బీరువాలు చదివేసి మూడోది తెరిచాను. ఒక పుస్తకంలో, ఏదో దేశపు చిత్తడినేలలో దొరికిన వేల ఏళ్లనాటి చెక్కబొమ్మ ఫోటో ఉంది. చూడగానే బురద వాసన ముక్కుకు తగిలింది.

నా చిన్నప్పుడు గుణుపురం దగ్గర మా ఊబి మడిలో అలాంటిదే నాన్న పారకు తగిలింది. బొగ్గులా నల్లగా ఉంది, కళ్ల చోట రెండు గుంటలు.

"సిల్లంగి బొమ్మ. మనకి సేతబడి సెయ్యాలని పక్క మడి సుక్రు పాతేడు," అంది నానమ్మ.

"ఆడు నాతో నేస్తం కట్టినోడమ్మా. ఎందుకు పాతుతాడు?" అన్నాడు నాన్న.

"మొన్న నీళ్ల కాడ మాటా మాటా అనుకోనేదేటి?"

నాన్న బొమ్మను పెరట్లో ఎండలో పెట్టి నన్ను కాపలా ఉంచాడు. సాయంత్రానికి దాని ముఖం నిలువునా పగిలింది.

"సూసేవా అమ్మీ, పని మొదలెట్టీసింది," అంది నానమ్మ. నాన్న దాన్ని పొయ్యిలో పెట్టేశాడు.

మర్నాడు సుక్రు వాకిట్లో నిలబడి పిలిస్తే ఎవరూ పలకలేదు. తలుపు సందులోంచి నేను అతని చేతులే చూశాను. పనసపండు తెచ్చాడు. కాసేపు ఆగి, గడప దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

బురదలో నానిన పాత కర్ర ఎండలో ఆరితే అలాగే పగులుతుందని ఈ పుస్తకంలో ఉంది. మా బొమ్మ ఎప్పటిదో ఇక తెలియదు. ఆ పనసపండును మాత్రం మేము ఆవుకు కూడా పెట్టలేదు.