అమ్మోరికి మొక్కిన పుంజు

ఇవాళ చీపురుపల్లి సంతలో కాళ్లు కట్టేసిన పుంజొకటి నా పంచె మీదికి ఎగబడింది. చిన్నప్పుడు మా పెరట్లో ఉన్న పుంజు గుర్తొచ్చింది.

నా ఈడువాళ్లకు తెలుసు, అమ్మోరికి మొక్కిన కోడికి ఇంట్లో ఎంత రాజ్యమో. నాకు జ్వరం తగ్గాలని మా నానమ్మ పుంజును మొక్కింది. అమ్మోరి పండగ దాకా దాన్ని కొట్టకూడదు, మూసిపెట్టకూడదు. అది పెరట్లోకి వచ్చినవాడినల్లా ఎగిరి తన్నేది, పిక్కలు చీరేసేది. గోళీలాటకొచ్చే నా జట్టు రావడం మానేసింది.

"నానమ్మా, దాన్ని గంప కింద ఎట్టీయే," అన్నాను.

"అమ్మోరి సొత్తురా అది. మూసెడితే నీకే మళ్లీ జొరమొస్తాది," అంది.

అన్నాళ్లూ ఒక్కడినే గోళీలాడుకున్నాను. పండగనాడు పుంజును కోసేశారు. కూర కూడా తినకుండా మా జట్టులోని రామినాయుడి ఇంటికి పరిగెత్తాను. జట్టంతా అక్కడే ఉంది.

"ఒరే, పుంజు పోనాది. మా ఇంటికి రండ్రా," అన్నాను.

"ఇక్కడే బాగున్నాదిరా. నువ్వే వచ్చీ," అన్నాడు రామినాయుడు, గోళీ మీంచి చూపు తీయకుండా.

నేను బతిమాలే రకం కాదు. వెనక్కి వచ్చేశాను. మళ్లీ వాళ్లతో ఆడలేదు.

ఆ జట్టులో ఎవడైనా ఉండి ఇది చదివితే చెప్తున్నాను. ఆవేళ ఇంకొక్కసారి పిలిచి ఉంటే వచ్చేవాణ్ణిరా.