రవిబాబు మేస్టారి అరువు సామాన్లు

రవిబాబు మేస్టారికి వంక పెట్టాలంటే ఒక్కటే దొరుకుతుంది. ఆయన అరువడిగేవారు. డబ్బు కాదు. డబ్బయితే ఎవరైనా అర్థం చేసుకుంటారు. ఆయన అడిగేవి చాట, జల్లెడ, నిచ్చెన, గొడుగు, మేకకి కట్టే తాడు. అడగడం ఆయనకు బాగా గుర్తుండేది. తిరిగివ్వడం మాత్రం ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ గుర్తు రాలేదు.

హుకుంపేట నుంచి కొండదారిలో జీపు గంటసేపు మూలిగితే కొర్రగుడ వస్తుంది. అక్కడ మిషన్ వాళ్ల చిన్న బడి, దానికి ఆనుకుని రెండు గదుల ఇల్లు. బడిలో పాఠం చెప్పేది రవిబాబు మేస్టారు, పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండేది ఆయన భార్య కృపావతి. వాళ్ల ఒక్కగానొక్క కూతురు బేబి ఆ బడిలోనే చదివి, విశాఖలో నర్సయింది.

కృపావతిది సాలూరు. వాళ్ల పుట్టింట్లో పక్కింటి నుంచి తోడు మజ్జిగ తెచ్చుకోవడం కూడా నామోషీ. తోడు లేకపోతే వాళ్లమ్మ ఆ పూటకి పెరుగు మానేసేది తప్ప గిన్నె పట్టుకుని గడప దాటేది కాదు. అలాంటి ఇంటి పిల్లకి ఇలాంటి మొగుడు. పెళ్లి ఫోటోలో ఆయన వేసుకున్న కోటు ఎవరిదో ఆమెకి ఏడాది తర్వాత తెలిసింది. సాలూరు చర్చి మెట్ల దగ్గర ఒక పెద్దాయన ఆపి, "చెల్లెమ్మా, మా అబ్బాయి పెళ్లి దగ్గర పడిందమ్మా. ఆ కోటూ..." అని నసిగాడు. కృపావతికి తల కొట్టేసినట్టయింది. ఆ కోటు ఇప్పటికీ వాళ్ల ట్రంకు పెట్టెలోనే ఉంది.

పోనీ అడగడానికి ఒక వేళా పాళా ఉండేదా అంటే, అదీ లేదు. ఎవరికి ఏది ఎప్పుడు అవసరమో కనిపెట్టినట్టు సరిగ్గా అప్పుడే అడిగేవారు. కాఫీ పళ్లు ఎర్రబడి కోత మొదలయ్యే రోజున పోలయ్య ఇంటి ముందు ప్రత్యక్షమయ్యేవారు.

"పోలయ్యా, నీ కోతబుట్ట ఓసారి ఇస్తావా?"

"బుట్ట మీకిచ్చెత్తే మా గుంటడు పళ్లు దేంట్లో కోత్తాడు మేస్టారూ?"

"అదీ నిజమేనయ్యా," అని ఒప్పుకుని, బుట్ట చంకలో పెట్టుకుని వచ్చేసేవారు.

వారం పోయాక పోలయ్య దారిలో కనిపించి తల గోక్కుంటే మేస్టారి ముఖం వెలిగిపోయేది. "నీ బుట్టేనా? భద్రంగా ఉంది. కావాలంటే గుంటణ్ణి పంపించు."

ఈ మాట కొర్రగుడలో వినని ఇల్లు లేదు. కూతురున్న ఇంట్లో 'గుంటని పంపించు', కొడుకున్న ఇంట్లో 'గుంటణ్ణి పంపించు'. అంతే తేడా.

సోములు పుంజు కథ ఇంకా ఘోరం. తెల్లవారుజామున ప్రార్థనకి మెలకువ రావడం లేదని చెప్పి సోములు పందెపు పుంజును అరువు తెచ్చారు. అది మేస్టారి ఇంట్లో తిని, మేస్టారి మంచం కింద పడుకుని, పొద్దెక్కాక తీరిగ్గా కూసేది. మూడేళ్లకి ముసలితనం వచ్చి అక్కడే పోయింది. దానికి మేస్టారు సమాధి ఆరాధన జరిపించారని ఊళ్లో అంటారు గాని, అది ఉత్త అబద్ధం. చిన్న ప్రార్థన చేశారంతే.

వీటన్నిటినీ తలదన్నింది చిట్టెమ్మ తిరగలి. ఒకరోజు పొద్దున్నే మేస్టారు చెమటలు కక్కుతూ, భుజం మీద ఇంత రాయి మోసుకుంటూ కొండ దిగి వచ్చారు.

"ఏటండీ అది?" అంది కృపావతి.

"తిరగలి రాయి. చిట్టెమ్మది."

"సగవేనా?"

"పైది. కిందది అడగలేదు, మొహమాటం."

"సగం తిరగలితో మనం ఏం చేసుకుంటాం? మిగిలిన సగంతో వాళ్లేం చేసుకుంటారు?"

మేస్టారు కాస్త ఆలోచించారు. "ప్రార్థన చేద్దాం కృపా," అన్నారు.

మర్నాడు చిట్టెమ్మ కూతుళ్లిద్దరూ రాయి కోసం వచ్చారు. పెద్దది కనకకి పదేళ్లు, దాని చెల్లెలికి ఎనిమిది. ఆ రాయిని ఒక్కతి మోయలేదు కదా, అందుకని ఇద్దరూ. మేస్టారు వెతకడం మొదలుపెట్టారు. చాటయితే కనిపించకపోవడానికి వీలుంది. నడుం విరిగేంత బరువున్న రాయి, తలుపు పక్కనే కూర్చున్న రాయి, నెల రోజులు ఆయన కళ్ల పడలేదు.

"అదిగోనండీ, మీ కాలి దగ్గరే!" అని కృపావతి అరిచేది.

ఆయన వంగి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అది కాదనుకుంటాను," అనేవారు. ఆడపిల్లలిద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. చివరికి చిట్టెమ్మే విసిగి వేరే రాయి తెచ్చుకుంది. పాత రాయి బడి తలుపు గాలికి కొట్టుకోకుండా పద్నాలుగేళ్లు కాపలా కాసింది.

కృపావతి ఊరుకునే మనిషి కాదు. సంతలో జనం మధ్య మొగుణ్ణి నిలబెట్టి కడిగేసేది. "ఎవరి వస్తువులు వాళ్లకి ఇచ్చేయండి! మీకు మతిమరుపైతే నాకు పరువు పోతోంది!" మేస్టారు తల వంచుకుని వినేవారు. చింతపండు అమ్ముకునే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకునేవారు. వాళ్లు ఆయన్ని చూసి నవ్వుతున్నారని కృపావతికి మరింత బాధగా ఉండేది.

ఇలా ఇరవై రెండేళ్లు గడిచాక, పోయిన ఏడాది సుక్రు తాతకి మోకాలు వాచింది. విశాఖలో పెద్దాసుపత్రికి వెళ్లి మూడు రోజులుండి, వెళ్లిన మోకాలితోనే తిరిగొచ్చాడు.

"డాక్టరు ఏమన్నారు తాతా?" అని మేస్టారు అడిగారు.

"డాక్టర్ని సూడనేదు. లైన్లో నిలబడ్డాను. నా ఎనకోళ్లందరికీ తొందర. కొంచెం జరుగు తాతా అన్నారు. ఎల్లండర్రా అన్నాను. మూడ్రోజులూ ఎల్తానే ఉన్నారు." సుక్రు తాత తృప్తిగా మోకాలు నిమురుకున్నాడు. "శానా మంచి జనం. దండం పెట్టి మరీ ముందుకెల్లినారు."

కృపావతి పడి పడి నవ్వింది. మేస్టారు నవ్వలేదు. వారం రోజులు తక్కువ తిని ఎక్కువ ప్రార్థన చేసి, ఒకరోజు వంటింటి గుమ్మంలో వచ్చి కూర్చున్నారు.

"కృపా, ఆ ఆసుపత్రి వరండాలో మనవాళ్లకి ఒక మనిషి కావాలి. ఏ గదికి వెళ్లాలో చెప్పేవాడు, డాక్టరు మాట వాళ్ల మాటలో చెప్పేవాడు. ఆ మనిషిని నేనేనని దేవుడు అంటున్నాడు. నువ్వు కాదంటే మాత్రం వద్దు."

"మరి బడి?"

"చిట్టెమ్మ కూతురు కనక ఉంది కదా. ట్రైనింగ్ అయిపోయింది. మిషన్ వాళ్లు దానికే అప్పజెబుతామన్నారు."

విశాఖలో చర్చివాళ్లు ఆసుపత్రి దగ్గర ఒక చిన్న ఇల్లు చూపించారు. కొండల నుంచి వచ్చే రోగులు, వాళ్ల మనుషులు అక్కడ తలదాచుకోవచ్చు. బేబి కూడా డ్యూటీ అయ్యాక అక్కడే చూసుకుంటానంది. కృపావతి పొయ్యి దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, సరేనంది. అయితే ఒక షరతు పెట్టింది.

"ఒక్క చీపురుపుల్ల కూడా పరాయిది మన వెంట రాకూడదు. ఎవరి సామాను వాళ్లకి చేరేదాకా నేను బండెక్కను. ఈ ఊరు మనకి అన్నం పెట్టింది, బిడ్డని పెంచిపెట్టింది. మనం వెళ్లాక మేస్టారు మా చాట ఎత్తుకుపోయాడని అనుకుంటే నేను బతకలేను."

సెలవు పెట్టి వచ్చిన బేబిని సాయం పట్టుకుని సామాన్ల గది తెరిచింది. సగం ఊరు బయటపడింది. తొమ్మిది బుట్టలు, ఆరు తాళ్లు, ఒక నిచ్చెన, నాలుగు గొడుగులు. అందులో రెండింటికి ఊచలే మిగిలాయి.

తల్లీ కూతుళ్లు ముందు పోలయ్య ఇంటికి వెళ్లారు. బుట్ట చూసి పోలయ్య ముఖం మాడిపోయింది.

"మేమేటి తప్పు సేసినామమ్మగోరూ, తిరిగిచ్చేత్తన్నారు?"

"నీదే కదయ్యా!"

"నాదే. అందుకే, మీ దగ్గిరే ఉండనీండి," అని లోపలికి వెళ్లిపోయాడు.

సోములు తాళ్లు ముట్టుకోలేదు. నిచ్చెనవాళ్లు ఇంట్లో ఉండి కూడా తలుపు తీయలేదు. మధ్యాహ్నానికి ఒక్క వస్తువు కూడా దిగలేదు. ఊరు తమ మీద అలిగిందని కృపావతి గుండెలో రాయి పడింది. అసలు రాయి ఇంకా ఉండనే ఉంది. దాన్ని గోనెలో పెట్టి, చెరో కొసా పట్టుకుని, ఆయాసపడుతూ చిట్టెమ్మ ఇంటికి ఎక్కారు.

చిట్టెమ్మ గోనె విప్పి చూసి, అరుగు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మగోరూ, మీకు నిజంగా తెలీదేటి?"

"ఏటి తెలీదు?"

"మా ఇంటాయన గుంటల్ని బడికి పంపనన్నాడు. మేకలెవులు కాత్తారన్నాడు. మేస్టారొచ్చి అడిగితే రేపు పంపుతాం అనీవోడు. పెద్దమనిసి మొగం మీద నేదు అనం కదా, రేపు అంతాం. ఆ రేపు రాదు. అప్పుడు మేస్టారు రాయి అడిగినారు. గుమ్మంలోకొచ్చి అరువడిగినోడికి నేదనకూడదు, ఇచ్చినాం. రాయి నేకపోతే పిండి నేదు, పిండి నేకపోతే అంబలి నేదు. గుంటల్ని పంపక ఏటి సేత్తాం? రాయి కోసం నెల్రోజులెల్లినారు, మేస్టారు ఎతికీదాకా బడిలో కూకునీవోరు. రాయీ రానేదు, గుంటలూ బడి ఒదిలి రానేదు."

కృపావతి గోనె పక్కనే చతికిలబడింది. "పోలయ్య బుట్ట?" అంది.

"ఆల గుంటడు కోతకెల్లకుండా."

"సోములు తాళ్లు?"

"మేకలకెల్లకుండా."

"మరి పుంజో?"

"సోములు కడగొట్టు గుంటడు పందేల్లో తిరిగీవోడు కదమ్మా. పుంజు నేకపోతే పందెమేటి?"

"ఇది ఊళ్లో అందరికీ తెలుసా?"

"మీకొక్కలికే తెలీదు," అంది చిట్టెమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

కృపావతి రాయి అక్కడే దించేద్దామంటే, అరువు తీరితే రాకపోకలూ తీరినట్టేనని చిట్టెమ్మ ఒప్పుకోలేదు. మళ్లీ గోనె మోసుకుని దిగి వచ్చి, బడి ముందు కుర్చీలో కూర్చున్న మొగుడి కాళ్ల దగ్గర ధన్‌మని పడేసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

మేస్టారు గోనె వైపు చూసి, విషయం గ్రహించారు. "చెబితే నువ్వు తిట్టేదానివి కాదు. సంతలో నువ్వు అలా కడిగేయబట్టే నాది మతిమరుపని మొదట్లో అందరూ నమ్మారు. తెలిసి చేశానంటే వాళ్లకి చిన్నతనం. మతిలేక చేశానంటే జాలి. తర్వాత తెలిసినా, నీ తిట్లు వినడానికి సంతకి ముందే వచ్చి కూర్చునేవారు."

"అంటే ఇరవై రెండేళ్లు నాచేత..."

"సగం బడి నువ్వే నడిపావు కృపా."

కృపావతికి కోపం రావాల్సింది. ఎంత వెతుక్కున్నా దొరకలేదు. తన వంట తిని పెద్దవాళ్లయిన పిల్లలు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఒక్కొక్కరి వెనక ఒక చాటో తాడో కనిపించింది. ఇంత మంచి ఊళ్లో, ఇలాంటి మనిషి పక్కన తనని ఇన్నాళ్లు ఉంచినందుకు దేవుడికి మనసులోనే దండం పెట్టుకుంది. పైకి మాత్రం, "మరి పెళ్లి కోటు ఎవర్ని బడికి రప్పించడానికి?" అంది.

మేస్టారు తల గోక్కున్నారు. "అది నిజంగానే మర్చిపోయాను."

బడికి వేసవి సెలవులిచ్చిన మర్నాడు బండి వచ్చింది. ఊరంతా చేరారు. కొండదేవతకి కోడిని మొక్కుకున్నవాళ్లూ, యేసుప్రభువుకి మొక్కుకున్నవాళ్లూ కలిసే నిలబడ్డారు. మేస్టారు కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నారు.

"ప్రభువా, పోలయ్య బుట్ట కోసం నీకు వందనాలు. సోములు తాళ్ల కోసం వందనాలు. ఆ పుంజు కోసం వందనాలు. సుక్రు తాత మోకాలి కోసం వందనాలు, అది నాకు దారి చూపించింది. నా భార్య తిట్ల కోసం మరీ మరీ వందనాలు."

"ఆమేన్!" అని అందరికన్నా గట్టిగా అరిచింది కృపావతి.

బుట్టలూ తాళ్లూ కొత్త మేస్టారమ్మ కనకకి అప్పగించారు. వాటితో ఎలా పని చేయించాలో దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. సుక్రు తాత బండిలో ముందు సీట్లో కూర్చున్నాడు, ఈసారి మోకాలు చూపించుకునే తిరిగొస్తానని. బండి కదలబోతుంటే గాలికి బడి తలుపు టపాటపా కొట్టుకుంది. చిట్టెమ్మ తలుపు వైపు చూసింది, తర్వాత కృపావతి కాళ్ల కింద ఉన్న గోనె వైపు చూసింది.

"అమ్మగోరూ, అది నా రాయేనా?"

"నీదే. అరువు తీసుకుంటున్నాను," అంది కృపావతి. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

"సగవేనా?"

"పైది. కిందది అడగలేదు, మొహమాటం." కిటికీలోంచి తల బయట పెట్టింది. "భద్రంగా ఉంటుంది చిట్టెమ్మా. కావాలంటే గుంటని పంపించు!"

బడి గుమ్మంలో నిలబడ్డ కనక నవ్వుతూ, చెంపలు తుడుచుకుంటూ అరిచింది. "నేనొక్కర్తినీ మొయ్యలేనమ్మగారూ!"

"అయితే ఊరంతా రండి!" అంది కృపావతి, బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ.